అమ్మకు తెలియదని మీకెవరు చెప్పారు?

మిర్యాలగూడ దగ్గరి ఊరి ఆడబిడ్డ, డిగ్రీ కాలేజీ లెక్చరర్, 38 ఏళ్లు. కాలేజీ పిల్లలు ఒక అమెరికన్ నాటకాన్ని తెలుగు చేసి ఆడారట. తెల్లదొరకు, ఆయన ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీకి పుట్టిన కొడుకు, పెద్ద దర్వాజ నుంచే ఇంట్లోకి వస్తానని పట్టుబట్టే కథ. చూస్తుంటే ఈమెకు చెమటలు పట్టాయి. వాళ్లింట్లో చిన్నప్పటి నుంచి జీతగాడిగా ఉన్న అతను తన తండ్రికి పుట్టినవాడేనని, తండ్రి దినాలప్పుడు మేనత్త చెప్పింది. "పిల్లలు దీన్ని జిల్లా పోటీలకు తీసుకెళ్తామంటున్నారు. ఊరివాళ్లు చూస్తే పరువు పోతుంది. ఎలా ఆపించాలి? అమ్మకు ఏమీ తెలియదు, తెలిస్తే తట్టుకోలేదు" అని అడిగారు.

అమ్మా, నాటకం జోలికి వెళ్లకండి. పిల్లలు కష్టపడి నేర్చుకున్నారు, ఆడనివ్వండి. ఇలాంటి సంగతులు ముందు ఊరికి తెలుస్తాయి, ఇంటి పిల్లలకు ఆఖరున తెలుస్తాయి. మీ ఊరు కొత్తగా తెలుసుకునేదేమీ లేదు.

అది నల్లజాతి అమెరికన్ కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన 'ములాటో'. 1935లో న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద ఆడింది. ఆ పిల్లవాడు చిన్నప్పుడు పరాయివాళ్ల ముందు దొరను 'నాన్నా' అని పిలిచి దెబ్బలు తింటాడు. అక్కడ ఒంటి రంగు, మన దగ్గర కులం. రెండూ ఒకటేనని నేననను. కానీ దొర కూతురి వెంట అత్తారింటికి ఆడబాపలను, అంటే కట్టుబానిసలుగా ఆడపిల్లలను, పంపిన గడీలు మనవే కదా.

ఇంకో తేడా ఉంది. నాటకంలో దొర భార్య కథ మొదలయ్యే నాటికే చనిపోయింది. మీ ఇంట్లో ఆమె బతికే ఉంది. మూడు పేజీల ఉత్తరంలో ఆమె గురించి మీరు రాసింది నాలుగు మాటలు. నాకు కావలసినవి అవే.

దసరాకు మీ తమ్ముడితో పాటు అతనికీ కొత్తబట్టలు కుట్టించేదని రాశారు. అన్నం మాత్రం దొడ్లో, వేరే కంచంలో పెట్టేదన్నారు. మీరు ఒకసారి అతన్ని 'అన్నా' అని పిలిస్తే చెంప మీద కొట్టిందన్నారు. మన పల్లెల్లో జీతగాణ్ణయినా వరస కలిపే పిలుస్తాం. ఆ ఒక్క పిలుపుకు చెయ్యి లేపిన తల్లికి ఏమీ తెలియదంటే నేను నమ్మను. తట్టుకోలేనిది మీరు. ఆ భయానికి అమ్మను అడ్డం పెట్టుకుంటున్నారు.

మొగుడు చేసింది నోరు విప్పకుండా మోయడమే ఇల్లాలి ధర్మమని మనకు నేర్పారు. నేను ఒప్పుకోను. మీ నాన్న మీద చూపలేని కోపాన్ని ఆమె పసివాడి కంచం మీద చూపింది. ఆమెకు అన్యాయం జరిగింది, ఆమె చేతుల మీదుగానూ జరిగింది. ఆ రెండూ ఆమె ఎవరితో చెప్పుకోవాలి, మీతో తప్ప?

ఈ ఆదివారం ఊరికి వెళ్లండి. మీ వారినీ తమ్ముణ్ణీ వెంట తీసుకెళ్లకండి. రాత్రి అమ్మ పక్కన పడుకున్నప్పుడు నాన్న మాట ఎత్తకుండా, "అన్నా అన్నందుకు ఆ రోజు నన్నెందుకు కొట్టినవమ్మా" అని మాత్రం అడగండి. ఆ తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. నాన్నను వెనకేసుకు రాకండి.

అతని దగ్గరికి ఇప్పుడే రాఖీ పట్టుకుని పరుగెత్తవద్దు. అతని తల్లి ఉందన్నారు. మీ మేనత్త దాన్ని 'సంబంధం' అంది. మీ పొలంలో కూలికి వచ్చే మనిషికి మీ నాన్నను కాదనే వీలుండేదా? ఆమె ఇన్నేళ్లు దాచుకున్న మాటను ఆమె ఒప్పుకోకుండా బయటపెట్టే హక్కు మీకు లేదు, నాకూ లేదు.

సాగర్ ఎడమ కాలువ కింది పొలం పంపకానికి తమ్ముడు సంతకం అడుగుతున్నాడని చివర్లో రాశారు. అందులో అతనికీ వాటా వస్తుందా అంటే, 2023లో సుప్రీంకోర్టు తండ్రి వాటాలో హక్కు ఉందన్నది చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకు. పెళ్లే లేని చోట వ్యవహారం చిక్కుగా ఉంటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఉచితంగా సలహా ఇస్తారు, వెళ్లి అడగండి. చట్టం ఏమన్నా, మీ వాటా మీది. అందులోంచి ఎవరికి ఇచ్చినా కాదనేవాళ్లు లేరు. అమ్మతో మాట్లాడేదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.