పెద్దవాళ్లకు తేలికైన పొయ్యి, వాషింగ్ మెషీన్ కొట్లోనే ఎలా కనిపెట్టాలి?

అత్తగారు ఒక్కరే ఉండే ఇంటికి ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీన్ కొనాలి, అట్టపెట్టె మీద ‘యూజర్ ఫ్రెండ్లీ’ అని ఉంటే నమ్మొచ్చా అని అడిగారు. నమ్మకండి. ఆ మాట అచ్చేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెనాల్లో ఉండే మా అమ్మకు ఇలాంటివన్నీ నేనే కొనిపెట్టాను. కొన్నాక హైదరాబాదు నుంచి ఫోన్లో రిపేర్లు కూడా నేనే చేశాను. దాంతో తెలిసొచ్చింది ఒక్కటే. సరిగ్గా వాడితే ఎలా పనిచేస్తుందో చూడకండి, పొరపాటున ఏదో నొక్కితే ఎవరినీ పిలవకుండా మళ్లీ మొదటికి రావచ్చా అన్నది చూడండి.

మొదట టీవీతో తగిలింది. రిమోట్ మూలన బాణం గుర్తున్న చిన్న మీట ఒకటుంది, సెట్‌టాప్ బాక్సు నుంచి వేరే పోర్టుకు మార్చేది. అమ్మ సౌండు పెంచబోయి దాన్ని నొక్కేది. తెర మీద ‘నో సిగ్నల్’ అని పడేది. సరిగ్గా సీరియల్ టైముకు నాకు ఫోను: “ఒరే, టీవీ చచ్చిపోయిందిరా.” బాణం బొమ్మ నొక్కమ్మా అంటే, “ఏ బాణం రా? ఇందులో ఐదున్నాయి” అనేది. పైకి, కిందకి, అటు, ఇటు జరిపేవి నాలుగు, ఇదొకటి. తప్పు ఆవిడది ఎలా అవుతుంది?

పండక్కి వెళ్లి చూస్తే రిమోట్ అవతారమే మారిపోయింది. ఆ మూల మీట మీద గాయానికి వేసే ప్లాస్టరు. ఆన్ మీటకు, సౌండు మీటలు రెండింటికీ ఎర్ర గోళ్లరంగు చుక్కలు. ఒకటికి రెండుసార్లు పూసిందేమో, ఎండి బొడిపెల్లా గట్టిపడ్డాయి. లైటు తీసేసినా బొటనవేలు నేరుగా వాటి మీదికే పోతోంది. పాత మీటల ఫోనుంటే 5 అంకె మీద వేలు పెట్టి చూడండి, అలాంటి బొడిపే తగులుతుంది. కంప్యూటర్ కీబోర్డులో ఎఫ్, జె మీద కూడా ఉంటుంది. చూడకుండా వేలికి దారి దొరకాలనే పెట్టారు. మా రిమోట్ చేసినవాళ్లు మర్చిపోయింది అమ్మ గోళ్లరంగుతో పూర్తిచేసింది.

పొయ్యితో మాత్రం భయపడ్డాం. నున్నటి గాజు పలక, అందులోనే టచ్ మీటలు, చూడ్డానికి అద్దంలా ఉందని నేనే ముచ్చటపడి కొన్నాను. ఓ రోజు పాలు పొంగి మీటల మీదికొచ్చాయి. టచ్ మీటకు వేలూ నీళ్లూ ఒకేలా అనిపిస్తాయి కాబట్టి, తడి పడితే ఏది నొక్కుతున్నారో దానికి అర్థం కాదు. అది కీచుమని అరుస్తూనే ఉంది, అమ్మ నొక్కితే పలకట్లేదు. చివరికి తడిచేత్తోనే ప్లగ్గు పీకేసింది. ఫోన్లో ఆ మాట విన్నాక నాకు చేతులాడలేదు. మర్నాడే నొక్కితే టక్కుమనే మామూలు మీటలున్నది తెప్పించాను.

మీటలూ నాబులూ పాతబడ్డాయి, అంతా టచ్చే నడుస్తోందని కొట్లో కుర్రాడు అంటాడు. కానీ టచ్ వదిలి మళ్లీ వెనక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. 2017లో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరును ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో బయటపడ్డ లోపాల్లో నౌకను నడిపే టచ్ తెరల గందరగోళం ఒకటి. ఆ తరహా నౌకల్లో వేగం మార్చడానికి మళ్లీ చేత్తో తోసే లివర్లే పెడతామని 2019లో ఆ నౌకాదళం ప్రకటించింది. వంటింటికి ఇంత ఉదాహరణ ఎక్కువేననుకోండి.

వాషింగ్ మెషీన్‌కు వస్తే నేను చెప్పిందానికి కొంచెం ఎదురే చెప్పాలి. సెమీ ఆటోమేటిక్‌లో అన్నీ నాబులే, అర్థం చేసుకోవడం తేలిక. కానీ తడిసిన దుప్పటిని ఒక తొట్టిలోంచి ఎత్తి ఇంకోదాంట్లో వెయ్యాలి. ఆ వయసులో నడుము ఊరుకోదు. అందుకని ఉతకడం, పిండడం ఒకే తొట్టిలో అయిపోయే ఫుల్లీ ఆటోమేటిక్, పైనుంచి బట్టలు వేసే టాప్‌లోడ్ తీసుకున్నాను. దాంతో వచ్చిన తంటా చైల్డ్ లాక్, అంటే పిల్లలు నొక్కినా పలక్కుండా మీటలకు వేసే తాళం. అమ్మ ప్యానెల్ తుడుస్తుంటే అది పడిపోయింది, ఇక ఏ మీటా పనిచెయ్యదు. మెకానిక్ వచ్చి రెండు మీటలు కలిపి మూడు సెకన్లు పట్టుకుని 350 రూపాయలు పట్టుకెళ్లాడు. తాళం బొమ్మ వెలుగుతూనే ఉందట, కానీ ఎలా తియ్యాలో ఆ పక్కన ఒక్క ముక్క రాసి ఉంటేగా!

కొట్టుకు అత్తగారిని తీసుకెళ్లండి, తడి జేబురుమాలు ఒకటి పట్టుకెళ్లండి. వస్తువు ప్లగ్గులో పెట్టించి, మీరూ కొట్టువాడూ నోరు మెదపకుండా ఆవిణ్ణే ఆన్ చెయ్యమనండి. పొయ్యి మీటలు తడిపి ఆపమనండి. మెషీన్‌కు చైల్డ్ లాక్ వేయించి తియ్యమనండి. మధ్యలో గోడ స్విచ్చి ఆపి మళ్లీ వేసి, ఆగినచోటి నుంచి మొదలవుతుందా, అంతా మళ్లీ నొక్కాలా చూడండి. మా ఊళ్లో కరెంటు పోని వారం ఉండదు, మీకూ అంతే అనుకుంటాను. కొట్టువాడు నవ్వుతాడు, నన్ను చూసీ నవ్వాడు. ఆవిడ మీ వంక చూసి “ఇప్పుడేం చెయ్యాలమ్మా?” అని రెండుసార్లు అడిగారంటే ఆ మోడల్ వదిలెయ్యండి.

ఆవిడ రాలేకపోతే, వెనక్కిచ్చే గడువు ముందే అడిగి కొని, ఆ గడువులో ఒక వారం ఆవిడ ఒక్కరినే వాడనివ్వండి. నేనలా చెయ్యకే ఆ గాజు పొయ్యి ఇంకా అటక మీదుంది.