ఖాతాదారుకొక డేటాబేసు ఉన్నప్పుడు ఉమ్మడి పట్టికలను ఎక్కడ ఉంచాలి?

సాఫ్ట్‌వేర్ వాడే ఖాతాదారులందరికీ (నా విషయంలో దుకాణాలకు) వేర్వేరు డేటాబేసులు ఉన్నప్పుడు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు (సరుకు రకాన్ని తెలిపే అంకెలు), జీఎస్టీ రేట్లు, పిన్‌కోడ్‌ల వంటివి ఒక్కచోటే ఉంచాలా, ఒక్కోదానిలోకీ నకలు చేయాలా అని మీరు అడిగారు. ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే వాడిగా నా అభిప్రాయం ఇది: అసలు పట్టిక ఒక్కచోటే ఉండాలి, దాని నకలు మాత్రం ప్రతి దుకాణం డేటాబేసులోనూ ఉండాలి.

మొదట్లో నేను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌లోని ఫారిన్ టేబుళ్లతో (వేరే డేటాబేసులోని పట్టికను ఇక్కడిదానిలా చూపేవి) కేంద్ర డేటాబేసు నుంచి నేరుగా చదివించాను. ఫారిన్ టేబుల్‌ను చూపే ఫారిన్ కీ (నమోదు చేసే విలువ ఆ పట్టికలో ఉండి తీరాలనే నియమం) పెట్టడం కుదరదు కనుక, పట్టికలో లేని కోడ్‌తోనూ సరుకులు నమోదైపోయాయి. అంతకు మించి, ఒక వానాకాలపు సంత రోజున గుణుపూర్‌లో నెట్ పోయేసరికి, కొట్టు నిండా జనం ఉండగా రేటు అందక బిల్లులు ఆగిపోయాయి. ఆ పూట ఆ వ్యాపారి చీటీల మీద లెక్క రాసుకోవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత లాజికల్ రెప్లికేషన్‌కు మారాను, అంటే కేంద్ర పట్టికలోని వరుసల మార్పులు దుకాణాల నకళ్లకు వాటంతట అవే చేరే పద్ధతికి. పట్టిక నిర్మాణంలో చేసిన మార్పులు మాత్రం వాటంతట అవి చేరవు. ముందుగా దుకాణాల వైపు కొత్త కాలమ్ చేర్చి, ఆ తర్వాతే కేంద్రంలో చేర్చాలి. దుకాణదారు సొంతంగా చేర్చుకునే వరుసలకు వేరే పట్టిక ఇవ్వండి, లేకపోతే ఒకే కీ రెండుచోట్లా పడి రెప్లికేషన్ ఆగిపోతుంది. ఏదైనా దుకాణం నెలరోజులు మూతపడితే దాని స్లాట్ (ఆ దుకాణానికి ఎంతవరకు చేరిందో చూపే గుర్తు) కోసం కేంద్ర సర్వర్‌లో మార్పుల లాగ్ ఫైళ్లు పేరుకుపోతాయి కనుక, వాటికి హద్దు పెట్టే, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 13 నుంచి ఉన్న పరిమితి సెట్టింగును తప్పక పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, నేను పాత వరుసలోనే రేటు దిద్దాను. ఆ నెల మొదట్లో కొన్న డబ్బాలను ఒక హోటల్ యజమాని తిరిగి ఇవ్వగా, క్రెడిట్ నోటు (వెనక్కి ఇచ్చిన సరుకుకు సొమ్ము తగ్గిస్తూ ఇచ్చే పత్రం) 5 శాతంతో వచ్చింది. "బాబూ, 12 కట్టించుకుని 5 తిరిగిస్తారా?" అని ఆయన అడిగిన మాట న్యాయమైనదే, ఎందుకంటే క్రెడిట్ నోటుకు అసలు బిల్లు నాటి రేటే వర్తిస్తుంది. ఇప్పుడు నా రేట్ల పట్టికకు కోడ్, అమలు తేదీ కలిపి ప్రైమరీ కీగా (ప్రతి వరుసను విడిగా గుర్తించే విలువగా) ఉన్నాయి. పాత వరుసను ఎవరూ దిద్దలేరు, రేటు మారినప్పుడల్లా కొత్త వరుస చేరుతుంది, ఆనాటి రేటు బిల్లులోనూ నమోదవుతుంది.