సెల్ఫ్ దించే ముందు ఎర్త్ చూడు అల్లుడూ

కావలి

అల్లుడూ,

నీ జీపు పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదని, నలుగురు నెడితే గానీ కదలడం లేదని అక్క ఫోన్లో చెప్పింది. కొత్త సెల్ఫ్ మోటారు కోసం నెల్లూరు పోతానంటున్నావట. పోదువులే, ఒక్క రోజు ఆగు. పాత మహీంద్రా జీపుకి సెల్ఫ్ మార్చడం నీ చేతులతో నువ్వే చేసుకోగల పని. కాకపోతే పోయింది సెల్ఫేనని ముందు తేలాలి. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

నీ బండి తిరిగేది ఇస్కపల్లి ఉప్పు కయ్యల పక్కన, రొయ్యల గుంటల కట్టల మీద. ఉదయగిరి కొండల్లో తిరిగే జీపు జబ్బు వేరు, దీని జబ్బు వేరు. అక్కడ ఎర్రదుమ్ము దూరి బెండిక్స్, అంటే సెల్ఫ్ నుంచి ముందుకొచ్చి ఇంజనుని తిప్పే చిన్న పళ్ళచక్రం, పట్టేస్తుంది. ఉప్పుగాలిలో తిరిగే బండికి ముందు పోయేది ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌కి కరెంటు తిరిగి వెళ్ళే దారి. మన తీరం బళ్ళలో సెల్ఫ్ పోయిందని దించినవి చాలా వరకు సెల్ఫ్ బాగున్నవే.

చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసి కీ తిప్పు. లైట్లు బాగా దిగిపోయి టకటకమని వరసగా శబ్దం వస్తే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ వదులు. లైట్లు తగ్గకుండా ఒక్కసారి టక్ మని ఊరుకుంటే సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చి) లోపలి కాంటాక్టులు గానీ, మోటారు కార్బన్ బ్రష్‌లు గానీ అరిగి ఉంటాయి. ఏ శబ్దమూ లేకపోతే కీ దగ్గరి నుంచి సోలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు చూడు. మోటారు గిర్రున తిరుగుతూ ఇంజను తిరగకపోతే బెండిక్స్ జారుతోంది. ఇంజను హుషారుగా తిరుగుతూనే అందుకోవడం లేదంటే సెల్ఫ్‌ని అనుమానించకు, హీటర్ ప్లగ్గులు పోయాయా, డీజిల్ లైనులో గాలి చేరిందా చూసుకోవాలి.

తర్వాత మల్టీమీటరు. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2కి దిగిందంటే సగం ఖాళీ అయినట్టే, ముందు ఛార్జింగ్ పెట్టించు. ఇంజను ఆపే స్టాప్ నాబ్ లాగి ఉంచి, బండి అందుకోకుండా చేసి, మనిషి చేత కీ కొట్టించు. అప్పుడు బ్యాటరీ మీద 9.6 కంటే కిందికి పడకూడదు. పడకపోతే మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇంజను బ్లాకు మీద గీకి మెరిసే చోట పెట్టి మళ్ళీ కొట్టించు. అర వోల్టు దాకా చూపిస్తే దొంగ దొరికాడు, అది ఎర్తే.

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కదా, రబ్బరులో కరెంటు పోదు. ఛాసిస్ నుంచి ఇంజనుకి అసలు దారి రెంటినీ కలిపే అల్లిన రాగి పట్టీ ఒక్కటే. డీజిల్ ఇంజను తిప్పడానికి సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది. బోల్టు విప్పి చూస్తే వాషరు కింద పచ్చటి పొడి, దాని కింద నల్లటి తుప్పు పొర. ఆ పొర చాలు దారి మూయడానికి. అప్పుడు కరెంటు దొరికిన సన్నదారుల్లో పడుతుంది. కీ కొట్టగానే స్పీడోమీటరు కేబులో యాక్సిలరేటరు తీగో వేడెక్కిందంటే అదే కారణం. మీటరు లేకపోతే జంపరు వైరు ఒకటి నెగటివ్ నుంచి నేరుగా బ్లాకుకి వెయ్యి. జీపు చటుక్కున అందుకుంటే నీకు కావలసింది కొత్త మోటారు కాదు, కొత్త పట్టీ. రెండు చివర్లూ ఎమరీతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వేసిలిన్ పూయి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు దించు. బండి చదునైన చోట పెట్టి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టు. గేరు వేసి ఉంచాను కదా అనుకోకు, ఫోర్ వీల్ వేసే ట్రాన్స్‌ఫర్ లివరు న్యూట్రల్లో ఉంటే మెయిన్ గేరు ఏది వేసినా బండి నిలవదు. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పు. సెల్ఫ్ మీదికి వచ్చే లావు వైరులో కీ ఆపినా కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులు రాలతాయి. వైర్లు విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసిపెట్టుకో.

బోల్టులు తుప్పుపట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి వదిలెయ్. రింగు పానా గానీ సాకెట్టు గానీ వాడు, డబల్ ఎండ్ పానా మూలలు తినేస్తుంది. బోల్టు తల తెగిందంటే ఆ రోజు పని అయిపోయినట్టే. కింది బోల్టు ముందు తీసి, పైదాన్ని ఆఖరికి ఉంచుకో, తీసేటప్పుడు కింద చెయ్యి పట్టు. బరువైన సామాను, ముఖం మీద పడుతుంది. హౌసింగుకీ సెల్ఫ్‌కీ మధ్య పలచటి రేకులు ఉంటే జాగ్రత్త చెయ్యి, బెండిక్స్ పళ్ళ దూరం సరిపెట్టేవి అవే.

సెల్ఫ్ బయటికి వచ్చాక ఆ కన్నంలో టార్చి వేసి ఫ్లైవీల్ రింగు పళ్ళు, అంటే బెండిక్స్ పట్టుకుని తిప్పే పళ్ళు చూడు. ఈ పని ఎవరూ చేయరు, నువ్వు మాత్రం చెయ్యి. నాలుగు సిలిండర్ల ఇంజను కంప్రెషను వల్ల ఎప్పుడూ ఇంచుమించు అవే రెండు చోట్ల ఆగుతుంది, కాబట్టి అరిగేదీ ఆ పళ్ళే. క్రాంకు పుల్లీ చేత్తో తిప్పుతూ చుట్టూ చూసుకో. చివర్లు గుండ్రంగా అరిగి ఉంటే కొత్త సెల్ఫ్ వేసినా గరగరమంటూ జారుతుంది. రింగు మార్చాలంటే గేరుబాక్సు దించాలి, దానికి నా దగ్గరికే రా.

పాతది పట్టుకునే కొనడానికి పో. పళ్ళ లెక్క, తిరిగే దిక్కు, వోల్టు ప్లేటు అన్నీ పోల్చి చూసుకో. కొత్తదే కావాలని లేదు. బ్రష్‌లు, బుష్‌లు, బెండిక్స్ మాత్రమే పోతే మంచి ఆటో ఎలక్ట్రీషియను చేత వేయించినా ఏళ్ళు వస్తుంది. మోటారు లోపల తిరిగే ఆర్మేచరు కాలి వాసన వస్తుంటే మాత్రం కొత్తదే తీసుకో. బండికి ఎక్కించే ముందు వైసులో బిగించి బ్యాటరీతో తిప్పి చూపించమను.

బిగించేటప్పుడు హౌసింగు ముఖం, సెల్ఫ్ ముఖం రెండూ రంగు లేకుండా ఎమరీతో రుద్దు, మోటారుకి ఎర్త్ దాని బాడీ ద్వారానే వెళ్తుంది. బోల్టులు ముందు చేత్తో ఎక్కించు. లావు వైరు నట్టు బిగించేటప్పుడు వెనక నట్టు ఇంకో పానాతో పట్టుకో, స్టడ్డు తిరిగితే సోలినాయిడ్ మూత పగులుతుంది. బెండిక్స్‌కి నూనె పూయకు, దుమ్ము చేరి ముద్దవుతుంది. నెగటివ్ వైరు ఆఖరికి. మొదటిసారి అందుకున్నాక కీ వదిలినా కూత ఆగకపోతే వెంటనే ఇంజను ఆపు, పళ్ళు వెనక్కి రావడం లేదు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. గుంటల దగ్గర కుర్రాళ్ళు బండి కింద దూరి స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ కలపడం నేను చూశాను. డీజిల్ బండి అలా కూడా అందుకుంటుంది. లో గేరులో నాలుగు చక్రాలూ పట్టి ఉన్న జీపు కిందున్నది కట్టా మనిషా అని చూడదు, ఎక్కేస్తుంది. ఆ పని నీ బండి మీద ఎవరినీ చేయనివ్వకు.

కీ పది సెకన్లకి మించి పట్టుకోకు, మధ్యలో నిమిషం ఆగు. ఉప్పునీళ్ళలో దిగి వచ్చిన రోజు కింద మంచినీళ్ళతో కడుగు, అయితే వేడిగా ఉన్న సెల్ఫ్ మీద ప్రెషరు పంపు కొట్టకు.

పాత సెల్ఫ్ పాతసామాను వాడికి వెయ్యకు. సోలినాయిడ్ బాగుంటే విడిగా పనికొస్తుంది, కావలి వచ్చేటప్పుడు గోతాంలో వేసుకుని తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మామయ్య