గాల్వెస్టన్ ఆయిస్టర్లు: నెల చూసుకుని, ఒళ్లు చూసుకుని

హ్యూస్టన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు వరుసగా రెండు సెలవులు దొరికితే చాలు, గాల్వెస్టన్ బాట పడతారు. గంట ప్రయాణం. అక్కడ సముద్రపు ఒడ్డున ఏ చేపల హోటల్లో కూర్చున్నా పక్క బల్ల మీదికి ఐసు పరిచిన పళ్లెంలో ఆయిస్టర్లు వస్తాయి. అవే మన ఆల్చిప్పలు. "ముత్యం దొరుకుతుందా?" అని అడిగేవారు ప్రతి బృందంలో ఒకరుంటారు. దొరకదు. స్వాతి చినుకు సంగతి అటుంచండి, నగల ముత్యాలిచ్చే చిప్పల జాతే వేరు.

అసలు సందేహం పచ్చివి తినవచ్చా అని. నేను తింటాను, చలికాలంలో మాత్రమే. టెక్సస్‌లో నీటి అడుగున ఆయిస్టర్లు పెరిగే, అందరికీ చెందిన దిబ్బల నుంచి నవంబరు 1 మొదలు ఏప్రిల్ 30 వరకే ఆయిస్టర్లు తీస్తారు. చల్లటి నీటిలో అవి కండపట్టి రుచిగా ఉంటాయి. వేసవిలోనూ ప్రైవేటువాళ్లు కౌలుకు తీసుకుని పెంచే మడుల సరుకు వస్తుంది కానీ, వెచ్చబడిన ఉప్పునీటిలో విబ్రియో అనే సూక్ష్మజీవి బాగా పెరుగుతుంది. ఆయిస్టర్ నీటిని వడపోసుకుని బతికే ప్రాణి, కనుక అది దాని ఒంట్లో చేరుతుంది. రంగు మారదు, వాసన రాదు. నిమ్మరసం పిండినా, కారం సాసు పోసినా, పైన బీరు తాగినా చావదు. వేడికే చస్తుంది. ఆ జాతిలో అతి ప్రమాదకరమైన విబ్రియో వల్నిఫికస్ సోకినవారిలో దాదాపు ఐదుగురికి ఒకరు మరణిస్తారు. చలికాలంలో ప్రమాదం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

ఇక్కడే మనవాళ్లకు చిక్కు. అమ్మానాన్నలను మనం ఎక్కువగా పిలిపించుకునేది వేసవిలోనే. వారిలో షుగరు లేనివారెందరు? షుగరు, కాలేయపు జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఏ నెలలోనూ పచ్చివి ముట్టకూడదు. కాలికి పుండు ఉంటే సముద్రంలో దిగడమూ వద్దు, ఆ క్రిమి గాయం నుంచి కూడా లోపలికి వెళ్తుంది.

వారికి నిప్పుల మీద కాల్చినవి చెప్పండి. వెన్న, వెల్లుల్లి, చీజు వేసి చిప్పతోనే కాలుస్తారు. అంచులు ముడుచుకుని లోపలిదాకా ఉడికిందో లేదో చూసి మరీ తినిపించండి.

మీరు పచ్చివే తినదలిస్తే ముందు అర డజను చాలు. చిన్న ముల్లుచెంచాతో కండ చిప్పనుంచి విడివడిందో లేదో చూసుకుని, అందులోని ఉప్పునీటితో సహా నోట్లోకి వంచుకోండి. గుటుక్కున మింగవద్దు, రెండుసార్లు నమలండి. మొదటిసారి నేను భయంతో ఎర్ర సాసు నిండా పోసుకున్నాను. ఆవపిండి ఘాటులాంటిది ముక్కుకెక్కి కళ్లనీళ్లు వచ్చాయి తప్ప ఆయిస్టర్ రుచి తెలియలేదు.

ఒకటి రెండు రోజుల్లో చలిజ్వరం వచ్చినా, ఒంటి మీద బొబ్బలు లేచినా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లి, పచ్చి ఆయిస్టర్లు తిన్నానని మొదటి మాటగా చెప్పండి.

మా నాన్నగారు కాల్చినవి ఎనిమిది తిన్నారు. తర్వాత ఖాళీ చిప్పలను చూసి, "గుల్ల సున్నం కాలుస్తారా వీళ్లు?" అని అడిగారు. లేదు, పోగుచేసి ఎండబెట్టి మళ్లీ నీళ్లలో వేస్తారు, పిల్ల ఆయిస్టర్లు ఆ పాత చిప్పలకే అతుక్కుని పెరుగుతాయి అన్నాను. ఆయన తన పళ్లెంలోని చిప్పలన్నీ లెక్కపెట్టి మరీ తిరిగి ఇచ్చారు.