కొండ మీద ఉద్యోగానికి వెళ్తున్న మా మేనకోడలికి

పర్లాకిమిడి,
ఆదివారం

చిట్టీ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అప్పా, దానికి ఆర్డరు వచ్చింది. గుణుపురం అవతల, కొండ మీద" అన్నాడు. తర్వాత కాసేపు వాడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక పక్కింటావిడ తలుపు తట్టి మరీ చెప్పాను, మా మేనకోడలికి గవర్నమెంటు నర్సు ఉద్యోగం వచ్చిందని. అప్పటికి పదిన్నర. నిద్రమొహంతో "సంతోషం" అని తలుపేసుకుంది. మన ఇంట్లో ఎవరి నోరూ ఆగదు, చూశావా? ఈ ఉత్తరమంతా దాని గురించే.

పక్కా నర్సువి, నీకు నేను నేర్పేదేముంది. చేతులు కడుక్కో. రిజిస్టరు ఆ రోజుది ఆ రోజే రాయి. బీపీ మిషనుకి బ్యాటరీలు నీ డబ్బుతోనైనా రెండు జతలు కొనిపెట్టుకో. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు, అక్కడి మలేరియా నర్సులని తెలిసి వదిలిపెట్టదు. ఘాటు రోడ్డులో సాయంత్రం ఆరు దాటాక ఎవరి బండీ ఎక్కకు. మీ అమ్మ సంబంధాల మాట ఎత్తితే నాకు ఫోన్ ఇవ్వు, నేను చూసుకుంటాను.

ఎదిగే పిల్లల క్లినిక్ కూడా నీకే అప్పజెప్పారని విన్నాను. శ్రద్ధా క్లినిక్ అనే కదా ఇప్పుడు మన ఒడిశాలో బోర్డు? కేంద్రం 2014లో కిశోర ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకి విడిగా ఓ గది, ఓ రోజు ఉండాలని చెబుతూనే ఉన్నారు. మా రోజుల్లో అలాంటిదేం లేదు. పదహారేళ్ల పిల్లయినా, ఆరుగురిని కన్న తల్లయినా ఒకటే లైను, ఒకటే బల్ల.

ముందు వయసు సంగతి చెబుతాను. "బయస కేతే?" అని అడిగావంటే గర్భంతో వచ్చిన ప్రతి పిల్లా పంతొమ్మిదే చెబుతుంది. 2011లో మమత పథకం వచ్చింది, గర్భిణికి డబ్బు అందాలంటే 19 నిండాలన్నారు. అప్పటి నుంచి కొండ మీద పదిహేడేళ్ల పిల్లే కనపడదు, అందరూ పదహారు నుంచి నేరుగా పంతొమ్మిదికి దూకేస్తారు. వాళ్ల తప్పు కాదులే. నువ్వు అంకె అడగకు. బడి ఏ క్లాసులో మానేసింది, ఎన్నేళ్లయింది, పెద్దమనిషి అయినప్పుడు ఏ పంట కోస్తున్నారు, తమ్ముడు అప్పటికి పుట్టాడా అని అడుగు. ఆఖరి నెలసరి తేదీ కూడా క్యాలెండర్లో దొరకదు. చైతి పండగకి ముందా తర్వాతా, ఏ వారం సంతకి అని అడిగితే వారం అటూ ఇటూగా తేలుతుంది. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుకో.

వయసు తేలితే నీ లెక్క మారిపోతుంది. ఇరవై దాటిన తల్లి కంటే ఈ పిల్లలకి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. కాన్పు తర్వాత ఇన్‌ఫెక్షన్ ఎక్కువ. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం ఎక్కువ. పైగా మన వైపు రక్తం ఎప్పుడూ తక్కువే. హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే రక్తహీనత అని పుస్తకంలో చదివావు, ఇక్కడ 8 కనబడితే "బానే ఉంది" అనేస్తారు. అలా అలవాటుపడకు. 7 లోపు ఉంటే నీ దగ్గర ఒక్క పూట కూడా ఉంచుకోకు. ఎర్ర ఐరన్ మాత్ర రోజుకొకటి 180 రోజులు అని చీటీ రాసి చేతులు దులుపుకోకు. నల్లగా దొడ్డికి అవుతుందని ముందే చెప్పు, చెప్పకపోతే రెండో రోజే పారేస్తారు. మొదటిసారి వచ్చినప్పుడే సికిల్ సెల్ పరీక్ష చేయించు. జ్వరం ఉంటే మలేరియా కిట్ అప్పటికప్పుడే వెయ్యి.

తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం వాపు అంటే కబుర్లాపి బీపీ చూడు. 140/90 దాటిందా, మూత్రంలో ఆల్బుమిన్ చూడు. ఫిట్స్ వస్తే ఒకళ్ళు 108కి ఫోన్ చేస్తుండగానే నువ్వు ఫిట్స్ ఆపే మాగ్‌సల్ఫ్ ఇంజెక్షన్ చెయ్యి, ఒక్కో పిర్రకి 5 గ్రాములు, మొత్తం 10. బండి వచ్చాక చేద్దామనుకోకు. కొండ రోడ్డులో బండి ఎప్పుడు వస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఆ మందు తేదీ దాటిపోయిందేమో చేరిన రోజే చూడు. నెలలు నిండుతున్న పిల్ల దూరపు ఊరిదైతే ముందే తెచ్చి, కాన్పు దాకా గర్భిణుల్ని ఉంచే సర్కారు ఇల్లు ఉంది కదా, ‘మా గృహ’, అందులో ఉంచు. అత్తారు రానివ్వకపోతే ఆశా దీదీని తీసుకుని నువ్వే వెళ్లు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. ఇన్నేళ్లలో మీ మావయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1991. అప్పటికి రాయగడ జిల్లా కాలేదు, అంతా కోరాపుట్టే. నేను పనిచేసే చోటు పేరు రాయను, నీకు తెలిసిందే. ఓ సంత రోజు మధ్యాహ్నం ఓ తల్లీ కూతురూ వచ్చారు. సవరలు. పిల్లకి పదిహేనుంటాయేమో. తల్లి నా చెవిలో ఒడియాలో చెప్పింది, నెల తప్పిందని, పెళ్లి కాలేదని. చూశాను. మూడో నెల. గర్భం తీయించుకోవడానికి అప్పుడు కూడా చట్టం ఉంది, 1971 నుంచీ ఉంది. తల్లి సంతకం పెడితే, డాక్టరు ఉంటే చేయొచ్చు. డాక్టరుగారు గురువారం వస్తారు, ఆ రోజు రండి అని చెప్పాను. అంతవరకూ ఏ తప్పూ లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని భయపడకు అని కూడా అన్నాను.

వాళ్లింకా బల్ల దగ్గరే ఉన్నారు. పిల్ల బట్ట ముడి వేసుకుంటోంది. నేను చేతులు కడుక్కుంటూ, వరండాలో కూర్చున్న ఆయమ్మతో తెలుగులో అన్నాను: "పాలపళ్ళు ఊడాయో లేదో, అప్పుడే మూడో నెలట. తల్లి గాడిదలు కాస్తోందా?"

ఆయమ్మ నవ్వింది. తెలుగు కదా, ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది అనుకున్నాను. మనవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. పక్కన ఒడియావాళ్లో సవరలో ఉంటే మన భాషని తలుపులా వేసుకుని మాట్లాడేసుకుంటాం. లైనులో మూడో మనిషి ఆ పిల్ల ఊళ్ళో కొట్టు పెట్టుకున్న షావుకారు భార్య. జ్వరంతో ఉన్న చంటివాణ్ణి భుజాన వేసుకుని కూర్చుంది. ఇచ్చాపురం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు ఆవిడకి ఎందుకు రాదు? చెడ్డదనుకోకు, నిజంగా జాలిపడే ఎవరికో చెప్పి ఉంటుంది. తల్లీ కూతురూ కొండ ఎక్కేసరికి కబురు వాళ్ల కంటే ముందే చేరిపోయింది.

గురువారం రాలేదు. డాక్టరుగారు "ఏరీ?" అన్నారు. మనసు మార్చుకుని ఉంటారండీ అన్నాను. ఎంత సులువుగా అన్నానో!

పన్నెండో రోజు రాత్రి డోలీలో తెచ్చారు. గదిలోకి రాకముందే వాసన వచ్చింది. ఎవరో వేరు ముక్క లోపల పెట్టారు. ఒళ్ళు కాలిపోతోంది, నాడి దొరకడం లేదు. సెలైన్ పెట్టి, జీపు కోసం మనిషిని పంపి, తెల్లవారుజాము దాకా దాని కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. తల్లి నన్నేమీ అనలేదు. పెద్దాసుపత్రిలో గర్భసంచి తీసేశారని తర్వాత తెలిసింది. బతికింది.

ఆరేడేళ్ల తర్వాత గుణుపురం సంతలో కొండచీపుళ్లు కొందామని ఒకామె ముందు వంగాను. ఒడియాలో ధర అడిగాను. ఆమె ఓ కట్ట తీసి దుమ్ము దులిపి, పుల్లలు విరిగినవి ఏరి పక్కన పడేసి, నా చేతిలో పెట్టి తెలుగులో అంది: "ఇది గట్టిదమ్మా. రెండు తీసుకోండి, తగ్గించి ఇస్తాను."

తెలుగంటే అలాంటిలాంటి తెలుగు కాదు. చిన్నప్పటి నుంచి మన షావుకార్లకి అల్లం, చింతపండు అమ్ముకుంటూ నేర్చుకున్న తెలుగు. నాకు అప్పుడు తెలిసింది, ఆ రోజు వరండాలో నా మాట విన్నది షావుకారు భార్య ఒక్కతే కాదని. ముడి వేసుకుంటూ ఆ పిల్ల కూడా వింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలీదు. గుర్తుపట్టే ఉంటుంది. రెండు కట్టలూ కొని చిల్లర తీసుకోకుండా వచ్చేశాను. ఆ చీపుళ్లు చాలా రోజులు వాడలేదు.

నీకు ఏడేళ్లప్పుడు మీ మావయ్య చిట్టీ పాట డబ్బులు బియ్యం డబ్బాలో దాచారని వీధి వీధంతా చెప్పొచ్చావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు. వార్డులో, బస్సులో, వాట్సాప్‌లో, ఆఖరికి నాతో కూడా ఏ పిల్ల సంగతీ ఊరి పేరుతో చెప్పకు. "అత్తా, ఇవాళ ఒక కేసు..." అని మొదలెట్టావంటే ఫోన్ కట్ చేస్తాను, చెబుతున్నా.

పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడు. అత్తగారు కదలదు, నాకు తెలుసు. ఆవిణ్ణి ఓపీ చీటీ రాయించుకు రమ్మను, లేదంటే నీళ్లు తెమ్మను. ఆ పది నిమిషాల్లోనే నీ పనంతా. తలదించుకున్న పిల్లని "ఎవరు చేశారు" అని అడగకు, "నీకు ఎక్కడైనా నొప్పిగా ఉందా" అని అడుగు. మిగతాది అదే చెబుతుంది. ఈరోజు కాకపోతే వచ్చే సంతకి.

ఇంకొకటి. ఇది మా కాలంలో లేదు, నీ కాలంలో ఉంది. 18 నిండని పిల్ల గర్భంతో వస్తే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే. ఇష్టపడి వెళ్లినా, పెళ్లి చేసుకున్నా తేడా లేదు. దాస్తే ఆరు నెలల వరకూ జైలు నీకే. కొండ మీద పిల్లా పిల్లాడూ ఇష్టపడి వెళ్లిపోతే ఊరు తప్పనదు, ఆ పిల్లకి ఇది నేరమని ఎలా తెలుస్తుంది? అందుకే దాని చేత అంతా చెప్పించుకున్నాక కాదు, చెప్పకముందే చెప్పు: ఈ సంగతులు నా దగ్గరే ఉంటాయి, ఈ ఒక్కటి మాత్రం పైకి చెప్పాలి, చెప్పినా నీ వైద్యం ఆగదు అని. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరు, తల్లిదండ్రులు కోరితే డాక్టరు ఆ రిపోర్టులో పిల్ల పేరూ వివరాలూ ఇవ్వనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టపూర్వకంగా జరిగిన వాటికే అది. మీ డాక్టరుకి తెలియకపోతే మర్యాదగా గుర్తు చెయ్యి. 20 వారాల దాకా ఒక డాక్టరు చాలు, మైనరుకి 24 వారాల దాకా ఇద్దరు. పెద్దవాళ్ల సంతకం తప్పనిసరి. వారాలు దాటిపోతున్నాయని తెలిసీ వచ్చే గురువారం రమ్మనకు. గురువారాలంటే నాకు భయం.

ఇప్పుడు వేరు ముక్క బదులు మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రల కిట్ వచ్చింది. నెల లెక్క చూడకుండా, రక్తం ఎంతుందో తెలియకుండా మింగేసి రక్తం కారుతూ వస్తారు. అలా వచ్చిన పిల్లని ముందు పడుకోబెట్టి నాడి, బీపీ, జ్వరం చూసి సెలైన్ పెట్టు. తిట్లు దేనికి, ఎవరికైనా ఉపయోగపడ్డాయా?

కాన్పయ్యాక వెంటనే వదిలెయ్యకు. పదిహేడేళ్ల పిల్ల ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తే అది మన వైఫల్యమే. మళ్లీ గర్భం రాకుండా వాడే ఛాయ మాత్ర పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. దానికే అంతర ఇంజెక్షన్ కూడా ఉంది, మూడు నెలలకోసారి, పాలిచ్చే పిల్లకైతే ఆరు వారాలు ఆగి. ఏది వాడాలో అత్తగారిని కాదు, పిల్లని అడుగు. బడికి మళ్లీ వెళ్తావా అని కూడా అడుగు. అలా అడిగేవాళ్లే ఉండరు.

నేను రిటైరయ్యాక కుట్టుమిషను మళ్లీ తీశాను. నా పాత నీలం నేత చీర ఒకటుంది, మందంగా ఉంటుంది, అవతలి మనిషి కనపడదు. ఆ బల్ల చుట్టూ తెర ఉండదని నాకు గ్యారంటీగా తెలుసు. చేరిన రోజే గది ఈ గోడ నుంచి ఆ గోడకి ఎంతో, కిటికీ ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి మెసేజ్ పెట్టు. జానతో కొలవకు, నీ జాన చిన్నది.

మీ అత్త