లినక్స్ 6.12 కెర్నెల్‌కు మారితే ఏమి ఒరుగుతుంది?

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకుంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కెర్నెల్ అంటే ప్రాసెసర్, మెమరీ వంటివాటిని ప్రోగ్రాములకు పంచే, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం. 2024 నవంబరులో విడుదలైన ఈ వెర్షన్‌లో అన్నిటికంటే పెద్ద విశేషం, దాదాపు 20 ఏళ్లుగా విడి ప్యాచ్‌లుగా (వేరుగా కలుపుకోవాల్సిన కోడ్ మార్పులుగా) నడిచిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ (PREEMPT_RT) అనే రియల్‌టైమ్ ఏర్పాటు ప్రధాన కెర్నెల్‌లో చేరడం. దీనిని ఎంచుకొని కంపైల్ చేస్తే, కెర్నెల్ తన సొంత పనిలో ఉన్నప్పటికీ చాలాచోట్ల దానిని మధ్యలోనే ఆపి, ఎక్కువ ప్రాధాన్యం గల పనికి ప్రాసెసర్‌ను అప్పగించవచ్చు. బాలానగర్ పారిశ్రామికవాడ వంటి చోట్ల యంత్రాలను నడిపే కంప్యూటర్లకు వేగం కంటే, అత్యవసరమైన పని అనుకున్న సమయానికి జరిగే ఈ సమయపాలనే ముఖ్యం. మామూలు ల్యాప్‌టాప్‌కు దీనితో పెద్దగా పనిలేదు, పైగా మొత్తం పని కాస్త నెమ్మదించవచ్చు.

నేర్చుకునేవారికి నా దృష్టిలో అంతకంటే ఆసక్తికరమైనది షెడ్‌ఎక్స్‌ట్ (sched_ext). ఏ పనికి ప్రాసెసర్‌ను ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించే షెడ్యూలర్‌ను బీపీఎఫ్ (కెర్నెల్ లోపల తనిఖీ తర్వాత నడిచే) ప్రోగ్రాముగా రాసి, రీబూట్ చేయకుండానే ఎక్కించవచ్చు; అది మొరాయిస్తే కెర్నెల్ తన పాత షెడ్యూలర్‌కే తిరిగి మారుతుంది. కెర్నెల్ పానిక్ (కోలుకోలేని లోపంతో కెర్నెల్ ఆగిపోవడం) వివరాలను తెరపై క్యూఆర్ కోడ్‌గా చూపే ఏర్పాటూ వచ్చింది.