ఆ ఆకాశంలో మూడు సూర్యులు ఉండవు

తమ్ముడూ,

సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరగా ఉన్న మూడు నక్షత్రాల కూటమి ఆల్ఫా సెంటారీ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది, ఆ విషయంలో బెంగ లేదు. మూడో పేరా దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ మూడింటిలో చిన్నదైన ప్రాక్సిమా చుట్టూ తిరిగే ప్రాక్సిమా బి గ్రహం మీద నిలబడి తలెత్తితే మూడు సూర్యులు ఒకేసారి భగభగ మండుతుంటాయని రాశావు. చదవడానికి భలే ఉంది. కానీ అక్కడ అలా కనిపించదు.

ఎలా కనిపిస్తుందో లెక్క వేద్దాం, కాగితం పెన్ను చాలు. ఎ, బి అనే రెండు పెద్ద నక్షత్రాలు ఒక జంట. వాటికి ప్రాక్సిమా ఎంత దూరమంటే, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి దాదాపు 13,000 రెట్లు. దూరం అన్ని రెట్లు పెరిగితే వెలుగు 13,000ని 13,000తో గుణించినన్ని రెట్లు, అంటే సుమారు 17 కోట్ల రెట్లు తగ్గుతుంది. ఎ నక్షత్రం మన సూర్యుడికి ఒకటిన్నర రెట్లు వెలుగిస్తుంది. అయినా సరే, ప్రాక్సిమా దగ్గర్నుంచి చూస్తే అది ఒక చుక్కే. మనం చూసే శుక్రుడి కంటే బాగా మెరిసే చుక్క. దాన్ని ఆనుకుని బి, ఇంకాస్త తక్కువ వెలుగుతో. రెండింటి మధ్య ఎడం మన చందమామ వెడల్పులో మూడో వంతు కూడా దాటదు.

ఇక ప్రాక్సిమా సంగతి. అది ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్నగా, మసగ్గా ఎర్రగా వెలిగే నక్షత్రం; ద్రవ్యరాశి సూర్యుడిలో ఎనిమిదో వంతు. కానీ గ్రహం దానికి బాగా దగ్గరగా, 11.2 రోజులకో చుట్టు తిరుగుతోంది. కాబట్టి అక్కడి ఆకాశంలో ప్రాక్సిమా, మనకు సూర్యుడు కనిపించే దానికి మూడు రెట్లు వెడల్పుగా కనిపిస్తుంది. నారింజ ఎరుపులో ఒక పెద్ద బింబం, ఎక్కడో ఓ మూల కలిసి మెరిసే రెండు చుక్కలు. నీ మూడు సూర్యుల కంటే ఇది వింతగా లేదూ? అటువైపు నుంచి చూస్తే ఇంకా తమాషా. ఎ చుట్టూ తిరిగే గ్రహమే ఉంటే, అక్కడివాళ్లకు ప్రాక్సిమా ఓ మామూలు మసక నక్షత్రం. ఎవరైనా వేలెత్తి చూపిస్తే తప్ప పట్టించుకోరు.

దూరాలన్నీ కిలోమీటర్లలో రాశావు, సున్నాలు లెక్కపెట్టేసరికే పాఠకుడు అలిసిపోతాడు. వెలుగు ప్రయాణంలో చెప్పు. ఎ నుంచి బికి వెలుగు చేరడానికి, అవి దగ్గరగా ఉన్నప్పుడు గంటన్నర, దూరంగా ఉన్నప్పుడు ఐదు గంటలు. అదే ప్రాక్సిమాకి రెండున్నర నెలలు. మనకైతే నాలుగేళ్లు దాటుతుంది.

చరిత్రను ఒక్క వాక్యంలో తేల్చేశావు. అక్కడ కాస్త నిలబడాల్సింది. ఇది జంట నక్షత్రమని గుర్తించింది ఫాదర్ జాన్ రిషో, 1689 డిసెంబరులో, పుదుచ్చేరి నుంచి. ఆయన చూస్తున్నది అసలు ఒక తోకచుక్కని! ఆ జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 80 ఏళ్లు పడుతుంది. అంటే రిషో చూసినప్పటి నుంచి ఇప్పటికి పూర్తయినవి నాలుగు చుట్లే. 1955లో బాగా దగ్గరికొచ్చాయి, మళ్లీ అంత దగ్గరికి 2035లో వస్తాయి. ప్రాక్సిమాను 1915లో జోహన్నెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టాడు. అది నిజంగా ఆ జంటకు కట్టుబడి తిరుగుతోందా, దారిన పోతూ పక్కన కనిపిస్తోందా అన్నది గట్టిగా తేలడానికి మాత్రం మరో వందేళ్లు పట్టింది. దాని ఒక చుట్టు దాదాపు ఐదున్నర లక్షల ఏళ్లు మరి.

ఇప్పుడు నాకు కాస్త టెన్షన్ పెట్టిన చోటు. ఎ చుట్టూ గ్రహం దొరికిందని ఖాయంగా రాసేశావు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2024 ఆగస్టులో అక్కడ ఏదో చూసిన మాట నిజమే, అది శనిగ్రహమంత బరువున్న గ్రహం కావచ్చు. కానీ 2025లో మళ్లీ చూస్తే కనిపించలేదు. కక్ష్యలో నక్షత్రానికి మరీ దగ్గరికి జరిగి ఉండొచ్చని పరిశోధకులు అంటున్నారు. ఆ 'కావచ్చు'ను నువ్వు కొట్టేశావు, తిరిగి పెట్టు. 2012లో బి చుట్టూ గ్రహం ఉందని పెద్ద వార్త వచ్చింది. ఆధారం ఏమిటంటే, గ్రహం లాగుతున్నట్టుగా నక్షత్రం సెకనుకు అర మీటరు వేగంతో ఊగడం. పాకే పసిబిడ్డ వేగమది. 2015లో ఆ లెక్కల్ని తిరగేస్తే, ఆ గ్రహం, కొలతలు తీసిన రోజుల మధ్య ఖాళీల వల్ల పుట్టిన భ్రమని తేలింది. ఈ కథ నీ వ్యాసంలో లేనే లేదు, నన్నడిగితే సగం పేజీ దీనికే ఇవ్వాలి.

ప్రాక్సిమా బిని 'రెండో భూమి' అనకు. తెలిసింది దాని కనీస ద్రవ్యరాశి, భూమి కంటే కాస్త ఎక్కువని. గాలి ఉందో లేదో ఇంకా తేలలేదు. పైగా ప్రాక్సిమా ఉన్నట్టుండి ఎగసిపడే నక్షత్రం. 2016 మార్చిలో ఒకసారి దాని వెలుగు కొద్దిసేపు దాదాపు 68 రెట్లు పెరిగింది. మామూలుగా టెలిస్కోపు లేనిదే కనిపించని ఆ చుక్క, చీకటి ఆకాశంలో అప్పుడు కంటికి ఆనేంత అయింది. అంత దగ్గర్లో ఉన్న గ్రహం గతేమిటో రాయి. చోటు చాలకపోతే అంతరిక్ష నౌకలో ప్రయాణం గురించిన చివరి పేరా తీసెయ్, అది అందరూ రాసేదే.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య